పడమటి గోడ మేస్త్రి

వేలూరులో మా వీధి మొదట్లో ఉన్న మందుల షాపువాడు ఏటా ఒక క్యాలెండరు ఇస్తాడు. దాని మీది బొమ్మను ఏనాడూ చూసిన పాపాన పోలేదు. తేదీలు కనబడితే నాకు చాలు. ఈసారి మేకుకు తగిలిస్తూ ఎందుకో చూశాను. చూసి, ఆ స్టూలు మీదే నిలబడిపోయాను. మంచులో నానుతున్న ఒక రాతి గుడి. ఇంగ్లీషువాళ్ళు ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట తమ పల్లెల్లో కట్టుకున్న చర్చిల్లో ఒకటి. పొట్టిగా బలిసిన గంట గోపురం, పక్కన చిన్న వసారా, చూరు కింద వాననీళ్ళు కక్కడానికి నోరు తెరిచిన రాతి మొహం.

"దిగత్తా, పడతావు," అంది కోడలు.

వెంటనే దిగలేదు. ఆ రాతి మొహం నాకు తెలుసు. దాని తమ్ముడు ఈ పక్కనే గుడియాత్తంలో ఉన్నాడు. మా మేస్త్రి చేతిలో పుట్టినవాడు.

ఆయన పేరేమిటో నాకు తెలియదు. నవ్వితే నవ్వండి. ఆరేళ్ళపాటు దాదాపు రోజూ చూసిన మనిషి, పేరు అడగాలని ఒక్కనాడూ తోచలేదు. ఊరంతా మేస్త్రి అంటే నేను మేస్త్రి తాతా అన్నాను. ఆయన నన్ను టీచరమ్మా అన్నాడు. నా పేరు ఆయనకూ తెలియదు, సరికి సరి.

అప్పుడు నేను గుడియాత్తం మిషను బడిలో తెలుగు టీచరుని. పెళ్ళయి చిత్తూరు నుంచి కొత్తగా వచ్చాను. ఆంధ్ర రాష్ట్రం వేరుపడి కర్నూలు రాజధాని అయిన రోజులు. చిత్తూరు అటు పోయింది, వేలూరు ఇటు మిగిలింది, మధ్యన మాలాంటివాళ్ళం రెంటికీ చెడ్డ రేవళ్ళం అయ్యాం. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, కోపమొస్తే రెండూ. ఏటి ఒడ్డునున్న మా చర్చిలో పొద్దుటి ఆరాధన తమిళంలో జరిగేది, గుడి నిండా జనం. సాయంత్రం ఐదింటికి తెలుగు ఆరాధన, పదిహేను కుటుంబాలు. మా పదిహేనులో పుస్తకం చూసి పాడగలిగేవాళ్ళు నలుగురో ఐదుగురో. మిగిలినవాళ్ళు నోరు తెరిస్తే గలగలా తెలుగే, అక్షరం చూపిస్తే మాత్రం తెల్లమొహం. వాళ్ళకు పాట నోటితో చెప్పి పాడించడం, హార్మోనియం వాయించడం నా పని.

మేస్త్రిని మొదటిసారి చూసినప్పుడు ఆయన చర్చి గోడను వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు. కాస్త తిక్క మనిషేమో అనుకున్నాను.

"ఏమంటా ఉండాది తాతా గోడ?" అన్నాను, ఊరికే ఉండలేక.

"ఆకలంటా ఉండాదమ్మా," అన్నాడు చెవి తీయకుండానే. "ఈడ లోపల డొల్ల పడింది. వానలు రాకముందే సున్నం పెట్టాల."

సన్నటి మనిషి. కనుబొమలు నెరిసింది వయసుకో సున్నానికో చెప్పలేం. నడుముకు ఆకువక్క సంచి వేలాడేది. కానీ తాను కట్టిన కట్టడం ముందు ఏనాడూ నమిలినవాడు కాదు. "గోడ ముందర ఎర్రనోరు పెట్టకూడదు," అని, చర్చి గేటు దాటి రోడ్డెక్కాకే ఆకు తీసేవాడు. ఆయనకు ఇంకో మాట ఊతపదంలా ఉండేది. గోడ పూతలో వెనక వైపు ఎవరైనా మొక్కుబడిగా చేస్తే, "గోడకి వీపు ఉండదురా నాయనా, రెండు పక్కలా మొగమే," అని తాపీ లాక్కుని తానే చేసేవాడు. ఆ పూతలో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి గానుగ పట్టిన సున్నం. అరచేత్తో తడిమితే పాలమీగడలా ఉండేది. ఇప్పటికీ ఉంది, వెళ్ళి తడిమి చూసుకోండి.

ఆయన హిందూ దేవుళ్ళకు మొక్కే మనిషి, చర్చి మెంబరు కాదు. అయినా ఆ చర్చిని యుద్ధానికి ముందు పునాది నుంచి గంట దాకా కట్టింది ఆయనే. అప్పుడిక్కడ ఉన్న తెల్లదొర, మా పాత పాస్టరు, తన సొంత ఊరి చర్చి ఫోటోలు మూడు ఆయన చేతిలో పెట్టి, ఇట్లాంటిది చిన్నదిగా కట్టమన్నాడట. బయటి రూపం ఒకటి, లోపలి రూపం ఒకటి, పెద్ద కిటికీది ఒకటి. ప్లాను లేదు, కొలతలు లేవు. మేస్త్రి ఆ మూడు ఫోటోలనూ మొలపంచె గుడ్డలో చుట్టి రేకు పెట్టెలో దాచుకున్నాడు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు దొర తన దేశం వెళ్ళిపోయాడు గానీ, ఫోటోలు మాత్రం తిరిగి అడగలేదు.

మధ్యాహ్నాలు బడి వదిలాక చర్చి వసారాలో అరుగు మీద కూర్చుని నాకవి చూపించేవాడు. ఒక్కోదానికి ఆయన పేరు ఆయనది. బాప్తిస్మం ఇచ్చే రాతి పాత్ర 'తొట్టి'. పాస్టరు ఎక్కి ప్రసంగం చేసే చెక్క పీఠం 'మంచె', చేను కాపలా మంచె అన్నమాట. జనానికీ దేవుడి బల్లకూ మధ్యనున్న చెక్కడపు తెర 'దడి'. బైబిలు పెట్టే స్తంభం మీద ఆ దేశంలో రెక్కలు చాచిన డేగ ఉంటుంది. ఈయన చూసి, ఇది గరుడుడు గదా అనుకుని, ముక్కు వంచి, మెడలో హారం వేసి, బ్రహ్మాండమైన గరుత్మంతుణ్ణి చెక్కి పెట్టాడు. మా ఆడవాళ్ళు దాని కాళ్ళు తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు. పాస్టరు వద్దని చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. బెంచీల చివర్లకు ఆ దేశపు ఏదో ఆకు ఉండాలి, మాకు మామిడి పిందెలున్నాయి. చూరు కింద నోరు తెరిచిన వికారపు మొహం గురించి మాత్రం దొర నోరు విప్పి చెప్పనక్కర్లేకపోయిందట.

"చూస్తానే తెలిసిపోయిందమ్మా. దిష్టిబొమ్మ. ఆ దేశంలో గూడా దిష్టి తగుల్తాది," అన్నాడు, ఏదో చుట్టరికం కలిసినంత సంతోషంగా.

ఆ లోపలి ఫోటోను ఆయన చూసే చూపు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. పాత రాతి స్తంభాలు, వాటి మధ్య మసక వెలుతురు, అరిగిపోయిన గచ్చు. సున్నపు వేలు ఆ గచ్చు మీద మెల్లగా నడిచేది. "కలలో ఈ గుళ్ళోకి పోతా ఉంటానమ్మా," అన్నాడొకసారి. "మెట్టు దిగి పోవాల. లోపల చల్లంగా ఉంటాది. ఎవురూ ఉండరు. తొట్టిలో నీళ్ళు కదుల్తా ఉంటాయి. అట్లా నడిచి నడిచి దడి దాకా పోతా, అంతలో తెల్లారిపోతాది."

"మరి ఇంతమంచి గుడిని నువ్వే కట్టి, దీంట్లోకి ఎందుకు రావు తాతా?" అన్నాను. ఎందుకంటే గుడి పూర్తయ్యాక ఆయన ఎన్నడూ లోపలికి వచ్చింది లేదు. లోపలి పనికి అల్లుణ్ణి పంపి, తాను గడప ఇవతల నిలబడి కేకలేసేవాడు.

"కలలోది నేను కట్టింది కాదు గదమ్మా, ఎప్పుడైనా పోవచ్చు," అని ఫోటోలు గుడ్డలో చుట్టేశాడు. అది జవాబే కాదనిపించింది. హిందువు కదా, మొహమాటమేమో అనుకుని నేనూ వదిలేశాను.

ఇక ఆయన చేసిన తప్పు. ఊళ్ళో ఎవరూ ఆయన ముందు ఆ మాట ఎత్తరు. ఆయనే ఎత్తేవాడు, పుండు గోక్కున్నట్టు.

దొర వేసవికి కొండ మీది ఊరికి పోతూ, ముగ్గు పోసి పునాది మొదలుపెట్టమన్నాడు. ఏ దిక్కుకో చెప్పలేదు. చర్చి ఏ దిక్కుకుంటుందో ఎవరైనా చెప్పాలా అనుకున్నాడాయన. మేస్త్రి అడగలేదు. గుడి ఏ దిక్కుకుంటుందో ఎవరైనా అడుగుతారా అనుకున్నాడు ఈయన. వాకిలి తూర్పుకు పెట్టాడు. దేవుడి బల్ల పడమటి గోడకు. తాత ముత్తాతల నుంచి వాళ్ళు కట్టిన ఏ గుడైనా అంతే. రెండు నెలలకు దొర తిరిగొచ్చేసరికి గోడలు మొల ఎత్తు లేచాయి.

"ఒక సుట్టు సుట్టినాడమ్మా. మల్లా ఒక సుట్టు సుట్టినాడు. టోపీ తీసి కింద పెట్టి, ఇసక మీద కూసున్నాడు."

వాళ్ళ దేశంలో ఆరాధించే జనం తూర్పుకు తిరుగుతారట. బల్ల తూర్పు గోడకుంటుంది. దాని వెనక నిలువెత్తు కిటికీ, దానికి రంగుల అద్దాలు. పొద్దుటెండ ఆ అద్దాల్లోంచి దిగి గుడంతా పరుచుకుంటుంది. మూడో ఫోటో అదే.

"నాకేం తెలుసమ్మా. వాళ్ళ దేశంలో మనుషులు తూర్పు చూస్తారంట. మన దేశంలో దేవుడు తూర్పు చూస్తాడు," అన్నాడు మేస్త్రి.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

దొర పడగొట్టించలేదు. ఒక్క మాటా అనలేదు. "తిట్టింటే బాగుండు, ఆ పొద్దుతోనే పొయ్యుండు," అనేవాడు మేస్త్రి. పడమటి గోడకు కిటికీ పెడితే సాయంత్రపు ఎండ జనం కళ్ళలో కొడుతుందని దొర దాన్ని నిండుగోడగానే కట్టించాడు. అప్పటికే ఆయన దేశం నుంచి అద్దాల పెట్టె ఓడెక్కేసింది. అది వచ్చి, ఎండుగడ్డిలో పొదిగింది పొదిగినట్టే, పాస్టరు అంగీ మార్చుకునే గదిలో ఓ మూల చేరింది. ఇరవై ఏళ్ళు దాటినా మూత తీసినవాడు లేడు. బల్ల వెనక గోడ బోసిగా, తెల్లగా, గుడ్డిగా ఉండిపోయింది.

"ఆ గోడకి కన్ను పెట్టి పోవాలమ్మా," అనేవాడు. "ఇంకేమీ వద్దు నాకు."

అప్పటికే సున్నపు దుమ్ముకు ఛాతీ పట్టేసి, నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోతున్నాడు. ఇంకా ఎన్నాళ్ళు పరంజా ఎక్కగలడో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పడమటి గోడ తొలిచి ఆ అద్దాల కిటికీ పెట్టనివ్వమని చర్చి కమిటీకి నాతో అర్జీ రాయించాడు. నేను అలవాటుగా తెలుగులో మొదలుపెట్టాను. చదివి వినిపిస్తుంటే ఆపి, "అమ్మా, చదివేది వాళ్ళు గదా, అరవంలో రాయి," అన్నాడు. అంతవరకూ నాకు తోచనే లేదు. చదువుకున్నదాన్ని నేను.

కమిటీ ఒక ఆదివారం తమిళ ఆరాధన అయ్యాక లోపల కూర్చుంది. తమిళ పెద్దమనుషులే అందరూ, మావైపు నుంచి నేనూ మా ఆయనా వెళ్ళాం. కమిటీ పెద్ద తోళ్ళ మండీ ఆసామి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం గానీ, చెడ్డవాడు కాదు. మేస్త్రిని పిలిపించారు. ఆయన వచ్చి గడప బయట ఆగిపోయాడు.

"ఉళ్ళే వాంగ మేస్త్రీ," అన్నాడు పెద్ద. "లోపలికొస్తే నిన్ను పట్టుకుని బాప్తిస్మం ఇచ్చెయ్యంలే." అందరూ నవ్వారు.

"అది కాదు సామీ," అన్నాడు మేస్త్రి. ఆయనకు తమిళం నీళ్ళు తాగినట్టు వచ్చు, అయినా ఆవేళ ఎందుకో మా ఇద్దరి వైపు చూస్తూ తెలుగులోనే చెప్పాడు. "కట్టినోణ్ణి ప్రవేశం నాడు ఇంటాయన పిలవాల. గుడ్డా, ఆకూవక్కా పెట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసకపోవాల. అప్పుడే వాడి పని అయినట్టు లెక్క. అట్లా పిలవని కట్టడంలో మేం కాలు పెట్టం. దొరకి మన పద్దతి తెలీదు. నేను అడగల. అడిగి తీసుకునేది కాదు గదా సామీ అది."

నేను ఆ మాటలు తమిళంలో చెప్పాను. "సరే, సరే, అదీ చూద్దాం," అన్నాడు పెద్ద. అనడమే. చివరికి కుర్చీలు మోసుకుని కమిటీయే వసారాలోకి వచ్చి కూర్చుంది. దేశం ఇచ్చిపోయిన తెల్లవాళ్ళకైనా ఇంత మర్యాద జరగలేదని మా ఆయన నా చెవిలో గొణిగాడు.

గోడ పగలగొడితే కప్పు కూలదా అన్నారు. ఇప్పుడున్నదానికేం లోటు అన్నారు. మేస్త్రి రొప్పుతూనే ఫోటో తీశాడు. ఆ ఇంగ్లీషు చర్చి పక్కగోడలో రాళ్ళ వరస ఒకచోట కమానులా వంగి ఉంది, కమాను లోపలంతా వేరే రాయి.

"చూడండి సామీ. ఇది ఒగప్పుడు వాకిలి. ఎవుడో మూసేసినాడు. ఈ కిటికీ చూడండి, ఇది తరవాత పెట్టింది, రాయే వేరే. దొర చెప్పినాడు, ఈ గుడిని ఒగడు కట్టలేదంట. తాత గోడ పెడితే మనవడు కిటికీ పెట్టినాడంట. అంత పెద్ద గుడికే ఇన్ని మాసికలుండాయి. నా చేత్తో చేసిన తప్పు, నా చేత్తోనే ఒగ మాసిక ఏసుకుంటా. నా చెయ్యి ఆడతా ఉండేటప్పుడే."

ఫోటో ఒక్కొక్కరి చేతిలోకీ పోయి వచ్చింది. తర్వాత పెద్ద లేచి, అంగవస్త్రం దులుపుకుని, "సాయంత్రం ఆరాధన మీ తెలుగువాళ్ళదే. ఎండ కళ్ళలో కొడితే మీ కళ్ళలోనే కొడుతుంది. పెట్టుకోండి," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ మేస్త్రి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతున్నాడు, అందుకని నోరు మూసుకున్నాను.

పని మొదలైంది. బయట పరంజా కట్టాడు. లోపల గోనెపట్టలు వేలాడదీశారు. ఇటు వైపు పని అల్లుడిది, అటు వైపు మేస్త్రిది, మధ్యలో గోడ పలచబడుతూ వచ్చింది. పొద్దుటిపూట పడమటి వైపు నీడ ఉంటుందని ఆ పూటే పనిచేసేవాడు, ఎండ తిరిగేసరికి ఛాతీ బరువెక్కి దిగిపోయేవాడు. అద్దాల పెట్టె తెరిచిన రోజు నేనూ ఉన్నాను. గడ్డి తీస్తే మురికి పట్టిన గాజు ముక్కలు, సీసపు కట్లు. గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరి అట. నాకైతే ఏదీ సరిగ్గా అగుపడలేదు. ఒక్కో పలకనూ ఆయన చంటిబిడ్డను అందుకున్నట్టు అందుకుని బయటి నుంచే బిగించాడు. సున్నం ఆరేదాకా రెండు వైపులా తాటాకు తడికలు కప్పి, ఎవరినీ చూడనివ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం అల్లుడు తడికలు, గోనెలు తీసేశాడు. సాయంత్రం మేం పదిహేను కుటుంబాలం వెళ్ళి కూర్చున్నాం. మొదట ఏమీ లేదు. రెండో పాట ఎత్తుకున్నాం. ఏటి అవతలి కొబ్బరిచెట్ల మీదుగా పొద్దు వంగింది. ముందు హార్మోనియం మెట్ల మీద నా వేళ్ళు నీలంగా అయ్యాయి. తలెత్తితే కాపరి వెలిగిపోతున్నాడు. ఎరుపు దడి దాటి, గరుత్మంతుడి రెక్కలెక్కి, బెంచీల మీది ముసలమ్మల తెల్లచీరల మీద నడిచి, వాకిలి దగ్గరి తొట్టిలో నీళ్ళదాకా పోయింది. పాడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఎండ ఎవరి కళ్ళలోనూ కొట్టలేదు. పొద్దుటి తమిళ ఆరాధనకు ఇంత వెలుగు ఎన్నడూ రాదు. ఆ తప్పు జరగకపోతే మా సాయంత్రానికీ వచ్చేది కాదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, మేస్త్రి ఎక్కడ?

హార్మోనియం వదిలేసి బయటికి పరిగెత్తాను. చర్చి చుట్టూ తిరిగి పడమటి వైపు వెళితే, ఆ కొత్త కిటికీ ఎదురుగా నేల మీద గొంతుకూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉన్నాడు.

"నల్లంగా ఉండాదమ్మా," అన్నాడు తలెత్తకుండా. "మల్లా తప్పు చేసినా."

కిటికీ చూశాను. నిజమే. బయటి నుంచి చూస్తే నల్లటి సీసం, మట్టిరంగు గాజు, చచ్చిన వెలుగు. రంగుల అద్దం లోపలున్నవాళ్ళకే వెలుగుతుందని ఆయనకు ఎవరు చెప్పారు? ఫోటోలో రంగు లేదు. జన్మలో అట్లాంటి అద్దం ఇంకొకటి చూసినవాడు కాదు.

"లోపలికి రా తాతా. లోపల నుంచి చూడు."

ఆయన కదల్లేదు. నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు, అంతే. ఆ చూపుతో వసారాలో ఆయన చెప్పిన మాట నాకు చెంప మీద కొట్టినట్టు గుర్తొచ్చింది. నా నోటితోనే తమిళంలో చెప్పి, నేనే మరిచిపోయాను. ఇన్ని వారాల్లో ఒక గుడ్డ ముక్క కొనాలని పదిహేను కుటుంబాల్లో ఒక్కరికి తోచలేదు.

నా వెనకే మా ఆయన వచ్చి నిలబడ్డాడు. ఆయన భుజం మీద గుడియాత్తం మగ్గం మీద నేసిన కొత్త తుండు, ఇంకా మడత నలగనిది. అడక్కుండానే లాగేశాను. ఆకువక్క ఎక్కడిది? వంగి మేస్త్రి నడుముకున్న సంచే విప్పాను. రెండాకులు, ఒక వక్క తీసి తుండులో పెట్టి, రెండు చేతులా పట్టుకున్నాను.

"నీ ఆకే, ఏమనుకోవద్దు. ఇంటివాళ్ళం పిలుస్తా ఉండాం తాతా. ప్రవేశానికి రా."

ఆయన చేతులు చాలాసేపు పైకి లేవలేదు. చివరికి వాటిని పంచెకు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. తుండు తీసుకుని కళ్ళకద్దుకుని, ఆకువక్క మొలలో దోపి, తుండు భుజం మీద వేసుకున్నాడు. నేను ఒక చెయ్యి, మా ఆయన ఒక చెయ్యి పట్టుకున్నాం. చుట్టూ తిరిగి తూర్పు వాకిలికి వచ్చేసరికి లోపలివాళ్ళంతా లేచి నిలబడి ఉన్నారు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కుడికాలు పెట్టాడు.

కిటికీ వైపు ఆయన వెంటనే చూడలేదు. ముందు నేలను చూశాడు. గచ్చు మీద పడిన ఎర్రటి వెలుగు దగ్గర వంగి, తడి ఆరిందో లేదో చూసినట్టు వేలితో తాకాడు. వేలు ఎర్రబడింది. అరచెయ్యి పెట్టాడు, అదీ ఎర్రబడింది. అప్పుడు తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇట్లుండాదా అమ్మా లోపల," అన్నాడు మెల్లగా. "ఇన్నేండ్లూ సుమ్మా, ఊరికినే బయటే కూసోనుంటి."

నేను వెళ్ళి హార్మోనియం ముందు కూర్చుని, ఆగిన చరణం మళ్ళీ ఎత్తుకున్నాను. ఆయన ఆఖరి బెంచీలో, తానే చెక్కిన మామిడి పిందె మీద చెయ్యి వేసుకుని, వెలుగు మంచె ఎక్కి, కప్పు ఎక్కి, ఆరిపోయేదాకా కూర్చున్నాడు. ఆరాధన ముగిశాక అందరితోపాటు లేచాడు. గోడను ఒకసారి వేలి కణుపులతో కొట్టి విన్నాడు. వసారా దిగి, గేటు దాటి, రోడ్డెక్కాక ఆగి, ఆ రెండాకులూ తీసి మడిచి నోట్లో పెట్టుకున్నాడు.